పాత బెంజికి ఏ స్కానర్ కొనాలి?

చెక్ ఇంజిన్ లైట్ వెలగగానే చాలామంది ఆన్‌లైన్‌లో చవక బ్లూటూత్ ఓబీడీ రీడర్ ఆర్డర్ పెట్టేస్తున్నారు. చిన్న కార్లకు చాలావరకు అది సరిపోతుంది. పాత బెంజి, బీఎండబ్ల్యూల సంగతి వేరు.

ముందు సాకెట్ చూడండి. స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల ఓబీడీ-2 సాకెట్ అమెరికాలో 1996 మోడళ్ల నుంచి తప్పనిసరి. యూరప్ పెట్రోల్ కార్లకు 2001 నుంచి. 1990ల బెంజిల్లో చాలావాటికి బానెట్ కింద గుండ్రటి 38 పిన్నుల సాకెట్ ఉంటుంది, బీఎండబ్ల్యూలకైతే 20 పిన్నులది. అడాప్టర్ కేబుల్‌తో ప్లగ్ కూర్చుంటుంది గానీ, కారు కంప్యూటర్ భాష రీడర్‌కు రాకపోతే స్క్రీన్ మీద ఏమీ రాదు.

సాకెట్ కలిసినా చవక రీడర్ చదివేది ఇంజిన్, పొగ కోడ్‌లే. జేబు ఖాళీ చేసేవేమో ఏబీఎస్, గేర్‌బాక్స్, ఎయిర్ సస్పెన్షన్. 2002లో వచ్చిన ఈ-క్లాస్ డబ్ల్యూ211 తొలి కార్లలో బ్రేక్ ప్యాడ్‌లు మార్చే ముందు ఎస్‌బీసీ సిస్టమ్‌ను ఆపాలి. లేదంటే పంపు దానంతటదే ప్రెషర్ ఇచ్చి వేళ్లు నలిగిపోవచ్చు. మామూలు రీడర్‌కు ఆ పని చేతకాదు. అందుకే మీ కారు కంపెనీ కోసమే చేసిన స్కానర్ తీసుకోండి. 'నా మోడల్‌లో, నా సంవత్సరంలో ఏ ఏ సిస్టమ్‌లు చదువుతుంది?' అని కొనే ముందే అడగండి.

సెకండ్‌హ్యాండ్ ఓబీడీ-2 పెట్రోల్ కారు చూడ్డానికి వెళ్తే మాత్రం చవక రీడర్ కూడా పనికొస్తుంది. కోడ్ లేదని సంతోషపడకండి, రెడీనెస్ మానిటర్లు చూడండి. చాలావరకు 'నాట్ రెడీ' అని వస్తే కోడ్‌లు ఈమధ్యే చెరిపేసి ఉంటారు, లేదా బ్యాటరీ తీసి ఉంటారు. నాలుగు రోజులు నడిపాక మళ్లీ చూపించమనండి, బేరం అప్పుడే.