పరదేశపు పళ్లెములో చింతపులుపు

హిందూపురమువాడొకడు, పెనుకొండవాడొకడు, ధర్మవరమువాడొకడు. ఈ మువ్వురు మిత్రులును కౌలాలంపూరు నగరమున ఒక భోజనశాలలో బల్లచుట్టును కూర్చుండిరనుకొందము. వడ్డించువాడు మొదట తెచ్చునది నాసి లెమాక్. కొబ్బరిపాలలో పందాన్ అను సువాసనగల ఆకు వేసి వండిన అన్నమది. ప్రక్కన ఎర్రని సంబల్ కారము, వేయించిన చిరుచేపలు, కీరదోస ముక్కలు, కోడిగ్రుడ్డు, గుప్పెడు వేరుసెనగ గింజలు ఉండును. పేరు క్రొత్తది, పరిమళము క్రొత్తది. అయినను మొదటి ముద్ద నోట పెట్టగనే మువ్వురును ఒకరి మొగమొకరు చూచుకొందురు. ఈ రుచి ఎక్కడనో ఎరిగినదే!

తరువాత వచ్చునది పులుసు. మలయా భాషలో అసామ్ అనగా పులుపు, పెదాస్ అనగా కారము. అసామ్ పెదాస్ అను చేపలపులుసునకు దాని గుణమే పేరైనది. పినాంగు ద్వీపమునకు కీర్తి తెచ్చిన అసామ్ లక్సాయు అట్టిదే. చేపలు ఉడికించిన పుల్లని రసములో బియ్యపు సేమియా వేసి ఇత్తురు. ఈ రెంటికిని పులుపునిచ్చునది తరచుగా చింతపండే.

హిందూపురపు మిత్రునికి ఇక పరిచయముతో పనిలేదు. వేసవి వచ్చినదనిన అతని ఊరి మార్కెట్టు యార్డులో కరిపులి, ఫ్లవరు అను రకములుగా చింతపండు కుప్పలు పడును. చెట్టెక్కి కాయ దులుపువారు, పెచ్చులొలిచి ఈనెలు తీసి గింజలు కొట్టు స్త్రీలు, బస్తాలు మోయు హమాలీలు ఎందరికో ఆ నెలలలో అదియే బ్రతుకుతెరువు. కౌలాలంపూరు పులుసులో కలిసినది హిందూపురపు పండే కానక్కరలేదు. పులుపులోని చుట్టరికము చాలును.

చింతపండు పేర్ల కథ వినదగినది. అరబ్బులు దీనిని హిందూదేశపు ఖర్జూరమను అర్థమున తమర్ హింద్ అనిరి. ఆంగ్లేయుల టామరిండ్ ఆ మాటనుండి పుట్టినదే. మలయావారు దీనిని అసామ్ జావా, అనగా జావా పులుపు అందురు. వృక్షశాస్త్రజ్ఞులు మాత్రము ఈ చెట్టు పుట్టినిల్లు ఆఫ్రికా ఖండమని చెప్పుదురు. ఎవరికి ఏ దిక్కునుండి చేరినదో వారు ఆ దిక్కు పేరు పెట్టుకొనిరి.

ఇంతలో ధర్మవరపు మిత్రుని చేయి సాతేవైపు పోవును. పుల్లలకు గ్రుచ్చి నిప్పులపై కాల్చిన మాంసపు ముక్కలవి. నంచుకొనుటకు వేరుసెనగల పచ్చడి ఉండును. వేయించిన వేరుసెనగలు, ఎండుమిరపకాయలు, చింతపండు, కొంత తీపి చేర్చి దానిని చేయుదురు. తీపి మాట విడిచినచో, రాగిసంగటితో అనంతపురపు సీమవారు తినెడి ఊరుబిండిలోని సరకులును ఇవియే కదా! వేరుసెనగ, మిరప రెండును అమెరికా ఖండములలో పుట్టి ఓడలమీద వచ్చినవి. సగటున ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే వాన కురియు ఎర్రనేలలలో వేరుసెనగయే రైతునకు దిక్కైనది. వాన తప్పిన ఏట ఆ రైతే కూలికై బెంగుళూరు దారి పట్టును.

పొట్టకూటికై ఊరు విడుచు మాట రాగానే పెనుకొండ మిత్రుడు చరిత్రనందుకొనును. 1565లో రక్కసి తంగడి యుద్ధము ముగిసిన పిదప తిరుమలరాయలు రాజధానిని పెనుకొండకు మార్చెను. ఆ విజయనగర సామ్రాజ్యపు రేవైన పులికాటునుండి అద్దకపు బట్టలు మలక్కాకు ఎగుమతి అయ్యెడివి. 1511లో మలక్కా పోర్చుగీసువారి వశమగుటకు పూర్వమే ఆ వర్తకము సాగుచుండెను. ఆనాడు సముద్రము దాటినది వర్తకుడు. బ్రిటిషువారి కాలమున దాటినది కూలివాడు. పంతొమ్మిదవ శతాబ్ది చివరను, ఇరువదవ శతాబ్ది మొదటను తెలుగువారు రబ్బరు తోటలకును, కొబ్బరి తోటలకును తరలిరి. వారిలో అధికులు ఉత్తరాంధ్ర తీరపు జిల్లాలవారు. 1938లో భారత ప్రభుత్వము ఆ కూలీల వలసను నిషేధించెను. అప్పటికే అక్కడ స్థిరపడినవారు 1955లో ఆంధ్ర సంఘమును నెలకొల్పుకొనిరి. 1981లో రెండవ ప్రపంచ తెలుగు మహాసభలు కౌలాలంపూరులోనే జరిగినవి.

తోటలో పుట్టిన బిడ్డ బడిలో మరియొక భాష నేర్చును. వాని మనుమడు తెలుగు మాటకై తడుముకొనవచ్చును. మాట తడబడినచోట కూడ రుచి నిలుచును. తాతమ్మ పిసికిన చింతపులుసు ఆమె పేరు తెలియని మునిమనుమని పళ్లెములోను ఉండును. మువ్వురు మిత్రులు మొదటి ముద్దతో ఎరిగినది ఈ జ్ఞాపకమునే. పరదేశపు భోజనమని వారు కూర్చుండిన బల్లమీద ఓడలెక్కినవారి శ్రమ, వాననమ్మిన రైతు శ్రమ, గింజలు కొట్టిన స్త్రీల శ్రమ వడ్డింపబడియున్నవి.

పెక్కు పల్లెల పాఠశాలల ముంగిట చింతచెట్టుండును. ఉపాధ్యాయుడు దాని కాయనొకదానిని బాలుర చేతికిచ్చి, ఇది ఎక్కడ పుట్టినది, ఎవరి పడవలెక్కినది, నేడు ఎవరి చేతులమీదుగా ఎవరి వంటింటికి చేరుచున్నదని అడిగినచో భూగోళము, చరిత్ర, అర్థశాస్త్రము మూడును ఒక్క గంటలో పాఠమగును. పాఠము ముగిసిన పిదప కాయను ఉప్పుతో తినుటకు ఏ బాలునికిని చెప్పనక్కరలేదు.