ఫోన్ పోయిందా, కొట్టేశారా?

ఉస్మాన్‌గంజ్‌లో నడవాలంటే ముందు ఒళ్లు పక్కకు తిప్పడం నేర్చుకోవాలి. ఎదురుగా తోపుడు బండి, వెనక ట్రాలీ ఆటో, పక్కనే వీపు మీద బస్తాతో హమాలీ. ఈ సందడి మధ్యనే జిల్లా నుంచి వచ్చిన కిరాణా కొట్టు యజమాని చీటీ పట్టుకుని పప్పుల ధర అడుగుతుంటాడు. సరుకు డబ్బు లోపలి జేబులో ఉంటుంది. ఒక పక్క బేగంబజార్, ఇంకో పక్క అఫ్జల్‌గంజ్, కాస్త దూరంలో మహాత్మాగాంధీ బస్ స్టేషన్, ఉస్మానియా ఆసుపత్రి. నేరాల తీరు మీద, పోలీసు పని మీద పరిశోధన మొదలుపెట్టే విద్యార్థికి ఇంతకన్నా మంచి బడి ఉండదని నా నమ్మకం. ఆ చదువు చుట్టూ పేరుకున్న అపోహలు కూడా ఇక్కడ నిలబడి చూస్తే తొందరగా విడిపోతాయి.

అపోహ: ఇది దొంగను పట్టుకునే చదువు

‘పరిశోధన’ అన్న మాటలోనే చిక్కుంది. కొమ్మూరి సాంబశివరావు రాసిన డిటెక్టివ్ యుగంధర్ కథల్లాంటి వాటిని మనం ‘అపరాధ పరిశోధన’ నవలలు అన్నాం. అందుకే నేరాల మీద పీహెచ్‌డీ చేస్తున్నామంటే, ‘పోలీసు ఉద్యోగానికా?’ అని ఇంట్లోవాళ్లే అడుగుతారు.

దొంగ ఎవరో తేల్చడం దర్యాప్తు అధికారి పని. ఒకేచోట, ఒకే వేళ, ఒకే రకం నేరం మళ్లీ మళ్లీ ఎందుకు జరుగుతోందన్నది పరిశోధకుడి ప్రశ్న. 1979లో లారెన్స్ కోహెన్, మార్కస్ ఫెల్సన్ అనే అమెరికా పండితులు దీన్ని తేలిక మాటల్లో చెప్పారు. ఎత్తుకుపోవాలన్న మనిషి, ఎత్తుకుపోవడానికి వీలైన వస్తువు, కాపలా లేకపోవడం, ఈ మూడూ ఒక్కచోట కలిస్తే నేరం జరుగుతుంది. గంజ్‌లో కాపలా అంటే పోలీసు ఒక్కడే కాదు. గల్లా దగ్గర గుమాస్తా, ఎదురుగా చాయ్ బండి అతను, నీడలో కూర్చుని బేరం కోసం చూస్తున్న హమాలీలు, వీళ్లందరూ కాపలాదారులే. వాళ్లు ఏ వేళకు లేచి వెళ్తారో రాసుకోవడం కూడా పరిశోధనే. సమాజశాస్త్రం, న్యాయశాస్త్రం, గణాంకశాస్త్రం, భూగోళశాస్త్రం, ఏ దారి నుంచైనా ఈ పనిలోకి రావచ్చు.

అపోహ: పాతబస్తీ అంటేనే గొడవలు

మొదట, ఏది పాతబస్తీ? 1591లో కట్టిన నగరం మూసీకి దక్షిణాన ఉంది. ఉస్మాన్‌గంజ్ నదికి ఉత్తరపు ఒడ్డున ఉంది. అయినా వ్యవహారంలో దీన్నీ పాతబస్తీ లెక్కలో కలిపేస్తారు. పేరుతోపాటు ఆ పేరుకు అంటుకున్న భయం కూడా నది దాటి వస్తుంది.

మత ఘర్షణల విషయంలో హైదరాబాద్‌కు చేదు చరిత్ర ఉంది, దాచాల్సిన పని లేదు. 1950 నుంచి 1995 దాకా దేశంలో జరిగిన హిందూ-ముస్లిం ఘర్షణల లెక్కలు తీసిన అశుతోష్ వార్ష్నేయ, మరణాల్లో సగానికి దగ్గరగా ఎనిమిది నగరాల్లోనే సంభవించాయని చూపారు. ఆ ఎనిమిదిలో హైదరాబాద్ ఒకటి. ఆ అధ్యయనం చెప్పిన రెండో సంగతిని మనం తక్కువ చదువుతాం. పట్టణ జనాభాలో 80 శాతానికి పైగా ఆ నగరాల బయటే ఉంది. పల్లెల్లో మరణాలు 4 శాతం లోపే. అంటే హింస కొన్ని చోట్లే గుమిగూడుతుంది. ఆ చోట్లు ఏవో, ఎందుకో వెతకమని ఆ లెక్క చెబుతోంది. ఊరు ఊరంతటికీ ముద్ర వేయడానికి అందులో ఆధారమేమీ లేదు.

ఒక్క ఘటనతోనూ అలాంటి ముద్ర పడిపోవచ్చు. 2025 జనవరి 16న బీదర్‌లో ఏటీఎం డబ్బు దోచినవాళ్లు అదే రోజు అఫ్జల్‌గంజ్‌లో ఒక ట్రావెల్స్ ఆఫీసు దగ్గర కాల్పులు జరిపారు. నగరమంతా ఉలిక్కిపడింది. వాళ్లు అక్కడికి ఎందుకు వచ్చారు? దూరప్రాంతపు బస్సు ఎక్కడానికి. బస్సులు ఉన్నచోటికి అందరూ వస్తారు, వాళ్లూ వచ్చారు. ఆ వీధిలో బతుకుతున్నవాళ్ల నడవడి గురించి ఈ ఘటన ఒక్క ముక్క కూడా చెప్పదు.

అపోహ: కేసులు పెరిగితే నేరాలు పెరిగినట్టే

పరిశోధనలో అడుగుపెట్టిన ప్రతివారూ తట్టుకుని పడే రాయి ఇది. జాతీయ నేర రికార్డుల బ్యూరో తన నివేదికల్లోనే హెచ్చరిస్తుంది: నేరాలు పెరగడం వేరు, నమోదు పెరగడం వేరు అని. ఒక కేసులో నాలుగు సెక్షన్లు ఉంటే అన్నిటికన్నా పెద్ద నేరం కిందనే లెక్క వేస్తారు. మిగతా మూడూ ఆ పట్టికలో కనబడవు.

‘ఫోన్ పోయింది’ అంటాం తెలుగులో. జారిపడినా అదే మాట, జేబులోంచి లాగేసినా అదే మాట. గంజ్‌లో రద్దీలో ఫోన్ పోగొట్టుకున్న మనిషి ఠాణాకు వెళ్లి ఆ మాటే అంటాడు. అది ‘పోయిన వస్తువు’ కింద రాసుకుంటే నేరాల పట్టికలోకి రాదు. ‘కొట్టేశారు’ అని గట్టిగా అంటేనే దొంగతనం అవుతుంది. ఇక ఊరెళ్లే బస్సు వేళయిందని ఠాణా గడపే తొక్కనివాడు ఏ పట్టికలోనూ లేడు. అందుకే పరిశోధకులు బాధితుల సర్వే చేస్తారు. పోలీసు లెక్కలు పక్కన పెట్టి, ‘గడిచిన ఏడాదిలో మీకేం జరిగింది?’ అని ఇల్లిల్లూ అడుగుతారు.

చట్టం మారినా లెక్క మారుతుంది. కాగ్నిజబుల్ నేరం (కోర్టు అనుమతి లేకుండానే పోలీసులు దర్యాప్తు చేయగలిగేది) గురించి సమాచారం వస్తే ఎఫ్‌ఐఆర్ తప్పనిసరి అని 2013 నవంబర్‌లో లలితాకుమారి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 304వ సెక్షన్‌లో లాక్కుపోవడాన్ని ప్రత్యేక నేరంగా చేర్చింది. మెడలో గొలుసు లాగేసే ఘటనలు ఇప్పుడు ఆ గడిలోకి వెళ్తాయి. 2023నూ 2025నూ పక్కపక్కన పెట్టి దొంగతనాలు తగ్గాయనో పెరిగాయనో రాసేముందు ఈ గడుల మార్పు చూసుకోవాలి.

అపోహ: గస్తీ వాహనాలు ఎన్ని తిరిగితే అంత భద్రం

1972-73లో అమెరికాలోని కాన్సాస్ సిటీ పోలీసులు 15 బీట్లను మూడు భాగాలు చేశారు. ఒకచోట మామూలు గస్తీ ఆపేశారు, ఒకచోట యథాతథంగా ఉంచారు, ఇంకోచోట రెండు మూడు రెట్లు పెంచారు. నేరాల్లోనూ, జనం భయంలోనూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. దాంతో పోలీసులు దండగ అనుకున్నవాళ్లూ ఉన్నారు, అదీ అపోహే. మినియాపొలిస్‌లో లారెన్స్ షెర్మన్ బృందం 1989లో ప్రచురించిన లెక్కలో, పోలీసులకు వచ్చిన ఫోన్లలో సగం 3 శాతం చిరునామాల నుంచే వచ్చాయి. ఆ చోట్లకే గస్తీ పంపి చూస్తే ఫలితం కనిపించింది. ఆ సమాచారాన్నే తీసుకుని, అప్పటికి పరిశోధనలో తొలి అడుగుల్లో ఉన్న క్రిస్టఫర్ కోపర్ నిమిషాలు లెక్కించారు. ఒకచోట పోలీసు 10 నుంచి 15 నిమిషాలు నిలబడితే, వెళ్లిపోయాక కూడా ప్రభావం ఎక్కువసేపు నిలుస్తోందని తేల్చారు. ఓపికగా లెక్కపెట్టడం కొత్తగా వచ్చినవాళ్లు కూడా చేయగల పని.

మన దేశంలో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం రాజస్థాన్ పోలీసులతో కలిసి 162 ఠాణాల్లో ప్రయోగం చేసింది. ఆ బృందంలో ఐపీఎస్ అధికారిణి నీనా సింగ్ కూడా ఉన్నారు. సిబ్బందికి శిక్షణ, ఊరికే బదిలీ చేయకుండా ఉంచడం, ఈ రెండూ బాధితుల సంతృప్తిని పెంచాయి. వాహనం కొనడం కన్నా మనిషిని నిలకడగా ఉంచడం కష్టమని నాకు తోస్తుంది.

అపోహ: కొన్ని కులాలకు దొంగతనం వంశపారంపర్యం

ఇది అన్నిటికన్నా క్రూరమైన అపోహ. మన తెలుగు నేల మీదే పెరిగింది. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చింది. ఎరుకలవారిని పుట్టుకతోనే నేరస్థులుగా పట్టికలో రాశారు. బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ నడిపిన స్టూవర్టుపురం సెటిల్‌మెంట్‌లో వాళ్లను హాజరు పిలుపుల మధ్య ఉంచారు. సెటిల్‌మెంట్ మనుషులు చీరాల పొగాకు కంపెనీకి చవక కూలీలయ్యారు. చట్టం పోయాక కూడా ఊరి పేరు తిట్టుగా మిగిలింది. 1991లో ఆ పేరుతోనే రెండు సినిమాలు వచ్చాయి.

ఈ కథను తిరగరాసింది ఒక పరిశోధకురాలి ఓపిక. మీనా రాధాకృష్ణ 1989లో ఒక వ్యాసంలో, తర్వాత 2001లో వచ్చిన తన పుస్తకంలో పాత దస్త్రాలు తిరగేసి అడిగింది ఒకటే: పట్టికలోకి ఎక్కక ముందు వీళ్లు ఏం చేసేవారు? దొరికిన జవాబు, వ్యాపారం. తమిళనాట కొరవర్లు, మన దగ్గర ఎరుకలవారు తీరంలోని ఉప్పును పశువుల మీద వేసుకుని లోపలి పల్లెలకు మోసి, బదులుగా ధాన్యం తెచ్చేవారు. రైళ్లు వచ్చి ఆ దారిని మింగాయి. సర్కారు ఉప్పు విధానం సరుకును లాక్కుంది. అడవి చట్టాలు పశువుల మేతను, వెదురును అందకుండా చేశాయి. బతుకుతెరువు పోయి తిరుగుతున్న మనుషులను అప్పుడు ‘స్థిరం లేని జాతి’ అన్నారు.

1952లో నేరస్థ జాతుల చట్టం రద్దయింది కానీ ‘అలవాటు నేరస్థుల’ చట్టాలు మిగిలాయి. 2024 అక్టోబర్ 3న సుప్రీంకోర్టు, జైలు మాన్యువళ్లలో ఆ మాటను విముక్త జాతులకు, అంటే ఆ పాత పట్టిక నుంచి బయటపడ్డవాళ్లకు, అంటగట్టడాన్ని తప్పుపట్టింది. ఇప్పుడు జాబితాలు కంప్యూటర్లలోకి వెళ్తున్నాయి. ఢిల్లీ పోలీసుల నేర పటాల వ్యవస్థ మీద విదుషీ మర్దా, శివాంగి నారాయణ్ 2020లో చేసిన అధ్యయనం, పోలీసులకు వచ్చే ఫోన్ కాల్స్ సమాచారం పేద బస్తీలనే ఎక్కువగా ప్రమాదకరమైన చోట్లుగా చూపే తీరును వివరించింది. ఉస్మాన్‌గంజ్ మీద రేపు ఎవరైనా అలాంటి పటం గీస్తే, అందులో హమాలీల అడ్డా ఏ రంగులో ఉంటుందో, ఆ రంగు ఏ లెక్క నుంచి వచ్చిందో అడిగి తెలుసుకునే పని పటం గీసే రోజే మొదలవ్వాలి.