'బ్యాక్': ఒకే పదం, నాలుగు భాషాభాగాలు

లక్ష్యం: ఈ భాగం చదివిన తరువాత, ఒక ఆంగ్ల పదం వాక్యంలో ఏ భాషాభాగంగా పనిచేస్తున్నదో మీరు గుర్తించగలుగుతారు.

'గీత గీసిన పదం ఏ భాషాభాగమో రాయండి' అన్న ప్రశ్నకు చాలామంది ఆ పదాన్ని మాత్రమే చూసి జవాబు రాస్తారు. తెలిసిన పదమే కదా అన్న ధీమాతో వాక్యం చదవరు. మార్కు పోయేది అక్కడే. భాషాభాగం పదానికి పుట్టుకతో వచ్చిన గుర్తు కాదు. వాక్యంలో అది చేసే పనిని బట్టి వచ్చే పేరు.

తెలుగులోనూ ఇది ఉంది. 'మంచి పుస్తకం' అన్నప్పుడు 'మంచి' విశేషణం. 'ఆమె అందరి మంచి కోరుతుంది' అన్నప్పుడు నామవాచకం. అయితే తెలుగులో ప్రత్యయాలు మనకు చాలావరకు దారి చూపుతాయి. ఆంగ్లంలో అవి తక్కువ కాబట్టి పదం ఉన్న స్థానాన్ని గమనించాలి.

'బ్యాక్' అనే పదాన్ని పరిశీలించండి.

1. నామవాచకం: 'మై బ్యాక్ హర్ట్స్' – నాకు నడుము నొప్పిగా ఉంది. ఇక్కడ 'బ్యాక్' వాక్యానికి కర్త. దాని ముందు 'మై' ఉంది.

2. విశేషణం: 'షి శాట్ ఇన్ ది బ్యాక్ రో' – ఆమె వెనుక వరుసలో కూర్చుంది. 'రో' అనే నామవాచకం ముందు నిలిచి, ఏ వరుసో చెబుతున్నది.

3. క్రియావిశేషణం: 'హి కేమ్ బ్యాక్' – అతడు తిరిగి వచ్చాడు. 'కేమ్' అనే క్రియకు వివరణ ఇస్తున్నది.

4. క్రియ: 'దే బ్యాక్డ్ అవర్ ప్లాన్' – వారు మా ప్రణాళికను బలపరిచారు. చివర భూతకాల ప్రత్యయం చేరింది. 'ప్లాన్' దీనికి కర్మ.

తెలుగు అర్థం ఒక్కటే ఆధారంగా తీసుకుంటే పొరపాటు జరుగుతుంది. 'ది బ్యాక్ ఆఫ్ ది బస్', 'ది బ్యాక్ సీట్' – రెండింటికీ మనం 'వెనుక' అనే అంటాము. మొదటిదానిలో 'బ్యాక్' బస్సులోని ఒక భాగానికి పేరు, కనుక నామవాచకం. రెండవదానిలో సీటును వివరిస్తున్నది, కనుక విశేషణం.

మరొక జాగ్రత్త: 'రిటర్న్' అన్న క్రియలోనే 'తిరిగి' అన్న అర్థం ఉంది. కాబట్టి 'ఐ రిటర్న్డ్ బ్యాక్' అని రాయకండి. 'ఐ రిటర్న్డ్' చాలు.

మీ అవగాహనను పరీక్షించుకోండి

కింది వాక్యాలలో 'బ్యాక్' ఏ భాషాభాగమో, ఎందుకో రాయండి. జవాబులు చూడకముందే కారణం రాసుకోండి.

అ) ప్లీజ్ కాల్ మి బ్యాక్.
ఆ) షి యూజ్డ్ ది బ్యాక్ డోర్.
ఇ) ది డ్రైవర్ బ్యాక్డ్ ది బస్.
ఈ) రైట్ యువర్ నేమ్ ఆన్ ది బ్యాక్.

జవాబులు: అ) క్రియావిశేషణం. ఆ) విశేషణం. ఇ) క్రియ. ఈ) నామవాచకం.

'ఈ' లో తడబడ్డారా? 'ది' తరువాత మరో నామవాచకం ఏదీ లేదు. 'బ్యాక్' వివరించడానికి అక్కడ పదమే లేదు. అందుకే అది తానే నామవాచకం. ఇదే పద్ధతిలో 'డౌన్', 'రౌండ్' అనే పదాలకు మీరే వాక్యాలు రాసి చూడండి.