బోర్డు మీది ఆంధ్రా

నాది శ్రీకాకుళం, ఉద్యోగం బెంగళూరులో. ఆఫీసులో ఎవరికి ప్రమోషన్ వచ్చినా అందరం కలిసి ‘ఆంధ్రా స్టైల్’ హోటల్‌కే వెళతాం. అరిటాకు, పప్పు, కందిపొడి, నెయ్యి, పచ్చిమిర్చి దట్టించిన చిల్లీ చికెన్. నేను నీళ్ల గ్లాసు అందుకుంటే చాలు, “ఆంధ్రా అమ్మాయివై ఉండి కారం తినలేవా?” అంటారు. మా అమ్మ వండేది బెల్లం వేసిన గుమ్మడికాయ దప్పళం, ఆవ పెట్టిన అరటికాయ కూర. ఆ చిల్లీ చికెన్ మా ఊళ్లో నేనెన్నడూ చూడలేదు. అయినా నన్ను చూసి బోర్డు తప్పనరు, బోర్డు చూసి నన్ను తప్పంటారు. ఆ మాట నాకు గుచ్చుకుంటుంది.

ఫ్రెంచి తత్వవేత్త జాఁ బోద్రియార్ 1981లో ప్రచురించిన పుస్తకం ఇలా నకలు అసలును మించిపోవడం గురించే. నకలు మొదట అసలును చూపిస్తుంది. తర్వాత దాన్ని వంకరగా చూపిస్తుంది. ఆపైన అసలు లేదన్న సంగతినే కప్పిపెడుతుంది. చివరికి అసలుతో పనే లేకుండా తనంతట తానే నడుస్తుంది. అప్పుడు జనానికి నకలే ఎక్కువ నిజమనిపిస్తుంది. ఈ స్థితికే హైపర్‌రియాలిటీ అని పేరు. ఆయన చెప్పిన ఉదాహరణల్లో డిస్నీల్యాండ్ ప్రసిద్ధం. నాకు మాత్రం బెంగళూరు మారతహళ్లిలోని ఆంధ్రా హోటళ్లు చాలు.

ఎలా జరిగిందో ఆలోచించండి. ఆంధ్ర అంటే రాయలసీమ రాగిసంగటి, కోనసీమ పనసపొట్టు కూర, గుంటూరు గోంగూర, మా ఆవపెట్టిన కూరలు. ఇన్నీ ఒక మెనూలో పట్టవు. పరాయి ఊరివాడికి మొదటి ముద్దలోనే గుర్తుండిపోయేది కారం. అందుకే కారమే ఆంధ్రా అయింది. ఆ తర్వాత హోటల్ పెట్టినవాళ్లు గుంటూరు వెళ్లి చూడనక్కర్లేదు, పక్క వీధి హోటల్‌ను చూస్తే చాలు. నకలుకు నకలు పుడుతుంది.

 

ఇప్పుడు ఫోన్ ఆ నకలును మరో మెట్టు ఎక్కించింది. క్లౌడ్ కిచెన్లలో ఒకే వంటగది నాలుగైదు పేర్లతో యాప్‌లో కనిపించవచ్చు. ఒకటి ఆంధ్రా, ఒకటి పంజాబీ, ఇంకొకటి చైనీస్. తినేవాడికి వంటవాడు కనిపించడు, పొయ్యి కనిపించదు. ఫొటో చూసి ఆర్డరిస్తాడు, ఇంటికొచ్చిన కూర ఆ ఫొటోలా లేకపోతే స్టార్లు తగ్గిస్తాడు. అంటే ఇక్కడ కొలబద్ద ఫొటో, కూర కాదు.

2014లో ఆంధ్రప్రదేశ్ రెండయింది, హైదరాబాదు తెలంగాణకు వెళ్లింది. దేశపటం మారింది, రాజధాని మారింది, మనుషుల ఉద్యోగాలూ చదువులూ తారుమారయ్యాయి. బెంగళూరు బోర్డుల మీది ఆంధ్రా మాత్రం చెక్కుచెదరలేదు. హైదరాబాదు బిర్యానీ ఇప్పటికీ అదే మెనూలో ఉంది. నేల మీది ఆంధ్ర ఏమైనా బోర్డుకు పట్టలేదు. బోద్రియార్ వివరించిన చివరి దశకు ఇంతకన్నా మంచి సాక్ష్యం నాకు దొరకలేదు.

అసలైన ఆంధ్ర ఎక్కడో స్వచ్ఛంగా దాగి ఉందని నేననడం లేదు. మిరపకాయే పోర్చుగీసువాళ్ల ఓడల్లో వచ్చింది. అంతకుముందు మన ఘాటు మిరియాలదే. నన్ను కలచివేసేది వేరే. కోలారు, చిక్కబళ్ళాపురం వైపు తరాలుగా తెలుగు మాట్లాడే కుటుంబాలున్నాయి. వాళ్లు తినేది రాగిముద్ద. వాళ్ల ఊళ్లు ఈ నగరానికి గుంటూరుకన్నా దగ్గర. ఆ ముద్దకు తెలుగు వంట అని ఈ ఊళ్లో ఒక్క బోర్డు నా కంటపడలేదు. ‘ఆంధ్రా స్టైల్’ అన్న రెండు మాటల కింద, మెనూలో ప్రతి వంటకం పక్కనా ఊరిపేరు రాయమని హోటల్‌వాళ్లను అడుగుతున్నాను. గుమ్మడికాయ దప్పళం, శ్రీకాకుళం. రాగిముద్ద, కోలారు. చిల్లీ చికెన్ పక్కన నిస్సంకోచంగా బెంగళూరు అని రాయొచ్చు.