కరెంటు పోయినా పంట నిలవాలంటే
ఇంట్లో పుట్టగొడుగులు పెంచే కుటుంబాలకు కొన్ని సూచనలు

ఇంటి పట్టున ఉంటూనే కుటుంబ ఆదాయానికి ఆసరా కావాలనుకునే సోదరీమణులకు పుట్టగొడుగుల పెంపకం అనువైన పని. దీనికి పొలం అక్కరలేదు. ఒక ఖాళీ గది, శుభ్రమైన నీరు, మేలైన విత్తనం, వరిగడ్డి ఉంటే చాలు. కృష్ణా డెల్టాలో వరిగడ్డికి కొదవ లేదు. వేడినీటిలో ఉడికించి ఆరబెట్టిన గడ్డిని విత్తనంతో కలిపి సంచుల్లో నింపితే, కొన్ని వారాల్లో అదే గడ్డి మీద ఆహారం పుట్టుకొస్తుంది.

అయితే గది లోపల పండే పంటకు ఒక బలహీనత ఉంది. పొలంలోని పైరుకు గాలి, తేమ వాటంతటవే అందుతాయి. గదిలోని పంటకు వాటిని మనమే అందించాలి. ఫ్యాన్ల మీద, తేమనిచ్చే యంత్రాల మీద ఆధారపడిన గదిలో కరెంటు పోతే పంటకు ఊపిరి ఆడదు. మూడు వారాల శ్రమ ఒక్క వేసవి మధ్యాహ్నంలో పాడైపోవచ్చు.

అందుకే ఈ పనిలోకి దిగేవారు ముందుగా అడిగే ప్రశ్న: ఎంత పెద్ద ఇన్వర్టరు కొనాలి? జనరేటరు కూడా కావాలా? దీనికన్నా ముందు వేసుకోవలసిన ప్రశ్న మరొకటి ఉందని మేము భావిస్తున్నాం. మన పంట కరెంటు లేకుండా ఎన్ని గంటలు ఓర్చుకోగలదు? దీనికి జవాబు తెలియకుండా కొన్న యంత్రం అవసరానికి చాలకపోవచ్చు, లేదా అక్కరలేని అప్పును నెత్తిన పెట్టవచ్చు.

పంటను బట్టి ఓర్పు

కైకలూరు, బంటుమిల్లి ప్రాంతాల చేపల, రొయ్యల రైతులకు ఈ విషయం బాగా తెలుసు. చెరువు నీటిలో ప్రాణవాయువు తెల్లవారుజామున అత్యల్పంగా ఉంటుంది. ఆ సమయంలో ఏరియేటర్లు ఆగిపోతే కొద్ది గంటల్లోనే రొయ్యలు చనిపోతాయి. కాబట్టి చెరువు గట్టున డీజిల్ జనరేటరు ఉండటం అక్కడ తప్పనిసరి అవసరం. పుట్టగొడుగు అంత సున్నితం కాదు. కానీ అన్ని పుట్టగొడుగుల ఓర్పూ ఒకటి కాదు.

హోటళ్ళలో ఎక్కువగా వాడే తెల్లని బటన్ పుట్టగొడుగుకు కాపు దశలో 14 నుంచి 18 డిగ్రీల చల్లదనం కావాలి. జాతీయ పుట్టగొడుగుల పరిశోధన సంస్థ ఉన్న హిమాచల్ ప్రదేశ్‌లోని సోలన్ వంటి చల్లని చోట అది సులభం. మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటే విజయవాడలో ఆ పంట పండించాలంటే ఏసీ నిరంతరం నడవాలి. ఏసీ ఆగిన ప్రతి గంటా నష్టమే.

ముత్యపు చిప్ప పుట్టగొడుగు 20 నుంచి 30 డిగ్రీల మధ్య పెరుగుతుంది. మన ప్రాంతంలో నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అది ఏసీ లేకుండానే పండుతుంది. పాల పుట్టగొడుగు 30 నుంచి 35 డిగ్రీల వేడిని కూడా తట్టుకుంటుంది. వరిగడ్డి పుట్టగొడుగుదీ అదే స్వభావం. కానీ అది కోసిన కొద్ది గంటల్లోనే మెత్తబడిపోతుంది. పాల పుట్టగొడుగు అంతకన్నా ఎక్కువ కాలం నిలువ ఉంటుంది. శీతకాలంలో ముత్యపు చిప్ప, వేసవిలో పాల పుట్టగొడుగు ఎంచుకున్న కుటుంబం తన కరెంటు అవసరాన్ని పంట ఎంపికతోనే చాలావరకు తగ్గించుకున్నట్లు లెక్క. డెల్టాకు తగిన మొదటి బ్యాకప్ ఇదే.

గది ఓర్పును కొలుద్దాం

పంట తర్వాత చూడవలసింది గదిని. ఇందుకు ఉష్ణోగ్రతను, గాలిలో తేమను చూపే చిన్న మీటరు ఒకటి చాలు. ఎండ తీవ్రంగా ఉన్న రోజున మధ్యాహ్నం గదిలోని ఫ్యాన్లను, తేమ యంత్రాన్ని మనమే ఆపి, అరగంటకొకసారి మీటరు చూసి కాగితం మీద రాసుకోవాలి. కాపు దశలో గదిలో తేమ 80 నుంచి 90 శాతం ఉండాలి. అది 70 శాతానికి పడిపోవడానికి ఎన్ని గంటలు పడుతుందో అదే మన గది ఓర్పు. పంటను పణంగా పెట్టకుండా, సంచులు లోపలికి చేర్చకముందే ఈ పరీక్ష చేయడం మంచిది.

కరెంటుతో నిమిత్తం లేకుండా ఈ ఓర్పును పెంచే మార్గాలు మన పెద్దలకు తెలిసినవే. నేల మీద రెండు మూడు అంగుళాల ఇసుక పోసి తడిపి ఉంచాలి. కిటికీలకు, గోడలకు తడి గోనె సంచులు వేలాడదీయాలి. రేకుల గది అయితే పైన తాటాకులు గానీ గడ్డి గానీ కప్పాలి. పైన, కింద దోమతెర బిగించిన గాలి రంధ్రాలు ఉంచాలి. చేతితో కొట్టే స్ప్రేయరు ఒకటి సిద్ధంగా ఉండాలి. ఈ ఏర్పాట్లు చేశాక పరీక్షను మళ్ళీ జరిపితే ఎంత తేడా వచ్చిందో కాగితమే చెబుతుంది.

పంట దశను కూడా గమనించాలి. విత్తనం గడ్డిలోకి పాకే దశలో సంచి లోపల దానంతటదే వేడి పుడుతుంది. అప్పుడు సంచులను ఒకదానిపై ఒకటి పేర్చకుండా ఎడంగా ఉంచితే ఫ్యాను ఆగినా వేడి బయటికి పోతుంది. మొగ్గలు తొడిగే దశలో ప్రమాదం తేమ తగ్గడం వల్ల, గాలి ఆడకపోవడం వల్ల వస్తుంది. బొగ్గుపులుసు వాయువు పేరుకుపోతే ముత్యపు చిప్ప కాడలు సాగి, గొడుగులు చిన్నవైపోతాయి.

లెక్క వేశాకే కొనుగోలు

ఇక యంత్రం సంగతి. ఒక చిన్న గదికి కావలసినవి చూద్దాం. ఎగ్జాస్ట్ ఫ్యాను 40 వాట్లు, తక్కువ కరెంటుతో నడిచే బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లు, చిన్న తేమ యంత్రం 40 వాట్లు, ఎల్‌ఈడీ బల్బు 9 వాట్లు. మొత్తం దాదాపు 120 వాట్లు.

12 వోల్టుల, 150 ఆంపియర్ అవర్ బ్యాటరీలో కాగితం మీద 1800 వాట్ అవర్ల శక్తి ఉంటుంది. బ్యాటరీ ఎక్కువ కాలం మన్నాలంటే అందులో 60 శాతం, అంటే 1080 మాత్రమే వాడుకోవాలి. ఇన్వర్టరులో పోయే ఐదో వంతు తీసివేస్తే చేతికి వచ్చేది సుమారు 860. దీన్ని 120తో భాగిస్తే దాదాపు 7 గంటలు. అదే బ్యాటరీ మీద 1500 వాట్ల ఏసీ నడపాలనుకుంటే అరగంట దాటి కొద్ది నిమిషాలే వస్తుంది. అసలు చిన్న ఇన్వర్టరు దాన్ని మొదలుపెట్టలేదు కూడా.

గది ఓర్పు 3 గంటలు, బ్యాటరీ 7 గంటలు అయితే మనకు 10 గంటల ధైర్యం ఉన్నట్లు. గంటకు పది నిమిషాల చొప్పున మాత్రమే ఫ్యాను తిరిగేలా టైమరు పెడితే ఆ ధైర్యం ఇంకా పెరుగుతుంది. మామూలు కోతలకు ఇది చాలు. ఈమాత్రం దానికి వడ్డీ అప్పు తెచ్చి జనరేటరు కొనవలసిన పనిలేదు. ఫ్యాన్ల మోటార్లు ఉన్నచోట సైన్ వేవ్ ఇన్వర్టరు తీసుకోవడం మేలు.

ఇంటిపైన సోలార్ పలకలు ఉన్నవారు ఒక విషయం గుర్తుంచుకోవాలి. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద చాలామంది పెట్టించుకునే సోలార్ వ్యవస్థ కరెంటు లైనుతో ముడిపడి ఉంటుంది. లైనులో కరెంటు పోగానే, ఎండ ఎంత ఉన్నా, అదీ ఆగిపోతుంది. లైను బాగుచేసే కార్మికులకు ప్రమాదం కలగకుండా చేసిన ఏర్పాటు అది. కోత సమయంలోనూ పనిచేయాలంటే బ్యాటరీతో కూడిన హైబ్రిడ్ ఇన్వర్టరు అడిగి పెట్టించుకోవాలి.

ప్రాణం కన్నా పంట ఎక్కువ కాదు

జనరేటరు వాడక తప్పనివారు దాన్ని ఆరుబయట, కిటికీలకు దూరంగా ఉంచాలి. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. మూసిన వరండాలోనైనా అది ప్రాణాలు తీస్తుంది. జనరేటరు వైరును గోడ సాకెట్‌కు గుచ్చి ఇల్లంతటికీ కరెంటు పంపడం ఘోరమైన ప్రమాదం. అది లైనులోకి ఎదురు ప్రవహించి స్తంభంపై పనిచేసే లైన్‌మన్ ప్రాణం తీయవచ్చు. చేంజోవర్ స్విచ్ తప్పనిసరి. రాత్రివేళ దాని మోత పొరుగువారి నిద్ర చెడగొడుతుందన్నదీ మరవరాదు. పొరుగువారి హక్కు మనకు చిన్న విషయం కాదు.

ఇన్వర్టరును, బ్యాటరీని తడి గదిలో ఉంచకూడదు. గాలి ఆడే వేరే చోట ఉంచాలి. ఛార్జింగ్ సమయంలో బ్యాటరీ నుంచి వెలువడే హైడ్రోజన్ వాయువుకు మంట అంటుకుంటుంది. పెంపకం గదికి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టిస్తే తడి చేతులకు షాకు తగిలినా ప్రాణాపాయం కలగకుండా చాలావరకు కాపాడుతుంది.

రోజుల తరబడి కరెంటు లేకుంటే

గంటల కోతకు బ్యాటరీ సరిపోతుంది. రోజుల తరబడి పోయే కరెంటుకు వేరే ఆలోచన కావాలి. 2024 సెప్టెంబరు 1న బుడమేరు గండ్లు పడి సింగ్‌నగర్, పాయకాపురం, వాంబే కాలనీలు నీట మునిగినప్పుడు విజయవాడ ఆ పాఠం నేర్చుకుంది. మరునాడు ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద దిగువకు వెళ్ళింది. మునిగిన వీధుల్లో రోజుల తరబడి కరెంటు లేదు. నేల మీద ఉంచిన బ్యాటరీ అటువంటి వేళ ఎందుకూ కొరగాదు. పల్లపు ప్రాంతాల్లో ఉండేవారు దాన్ని పై అంతస్తులో అమర్చుకోవాలి. నీరు గడప తొక్కేలా ఉంటే ముందుగా మెయిన్ ఆపాలి.

తుపానుల సంగతీ అంతే. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనను డెల్టా మరవలేదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపంలో తీరం దాటింది. ముత్యపు చిప్ప కాలమూ, తుపానుల కాలమూ ఒకటే. అయితే తుపాను హెచ్చరిక రోజుల ముందే అందుతుంది. ఆ వ్యవధిలో కోతకు వచ్చినవాటిని కోసి అమ్మేయాలి. కొత్త సంచులు నింపడం ఆపాలి. సంచులన్నీ ఒకే రోజు నింపకుండా వారానికి కొన్ని చొప్పున నింపే అలవాటు ఉంటే, ఒక విడత పోయినా మిగిలిన విడతలు కుటుంబాన్ని ఆదుకుంటాయి.

ఈ పని మొదలుపెట్టాలనుకునేవారు గరికపాడు, ఘంటసాల కృషి విజ్ఞాన కేంద్రాల్లో శిక్షణ గురించి విచారించవచ్చు. ఇప్పటికే పెంచుతున్నవారు గది తలుపు మీద ఒక కాగితం అంటించుకోవాలని మా సూచన. గది ఎన్ని గంటలు ఓర్చుకుంటుంది, బ్యాటరీ ఎన్ని గంటలు వస్తుంది, కరెంటు పోగానే మొదట ఏ స్విచ్ ఆపాలి, గోనె సంచులు ఎక్కడున్నాయి, విద్యుత్ ఫిర్యాదుల నంబరు 1912. ఇల్లాలు ఊరెళ్ళినా, ఇంట్లో ఉన్న పిల్లలు ఆ కాగితం చదివి పంటను నిలబెట్టగలగాలి.