అన్నపు తెలుపు - గృహధర్మము

అన్నము మల్లెపూవువలె తెల్లగా నుండవలెనని మనము కోరుదుము. ఆ తెలుపునకు చెల్లించు మూల్యమెంతయో విచారింతము.

ధాన్యమును మరలో మిక్కిలి తెల్లగా పట్టించినచో తవుడుతోబాటు బి-1 విటమినులో అధికభాగము పోవును. మిగిలినదానిని పలుమారులు కడిగి, గంజి వార్చి మరికొంత పోగొట్టుకొందుము. పందొమ్మిదవ శతాబ్ది చివర జావాద్వీపమున ఐక్మన్ అను వైద్యుడు, తెల్లబియ్యము తిన్న కోళ్లకు కాళ్లు పడిపోవుటయు, తవుడు పోని బియ్యము పెట్టగా తేరుకొనుటయు గమనించెను. 1929లో ఆయన నోబెల్ బహుమానమును పంచుకొనెను. మనుష్యులలో ఆ వ్యాధియే బెరిబెరి. మన కోస్తా జిల్లాలలో ఒకప్పుడు తరచుగా కనబడెడిది. పాలిచ్చు తల్లికి ఈ విటమిను కొరతపడినచో చంటిబిడ్డ ప్రాణమునకే ముప్పు.

అట్లని మరల దంపుళ్లు దంపుడని స్త్రీలను ఆజ్ఞాపించుట న్యాయము కాదు. తెలుపును కోరినది ఇంటిల్లిపాది; రెక్కల కష్టము వారిదొక్కరిదే కారాదు. మరలోనే తక్కువ పట్టు పట్టింపవచ్చును. ఉప్పుడు బియ్యము వాడవచ్చును. వడ్లను ఉడికించునపుడు ఆ విటమిను గింజలోనికి దిగి నిలుచును. గంజి వార్చక అత్తెసరు పెట్టవచ్చును.

కంటి ఇంపునకై బిడ్డల బలమును పారబోయుట గృహధర్మము కాదు.