మాట ఒకటి - అర్థాలు రెండు

"మీదే ఊరండి వదినగారూ?"
"మాది లంకండి."
"అలాగాండి! మరి రావణాసురుడు మీకేమవుతాడండి?"

అడిగినామె నవ్వింది. లంక ఊరామె కూడా నవ్వింది.

గోదావరి పాయల మధ్య ఉండే దీవిని మనం లంక అంటాం. రావణుడి ఊరూ లంకే. ఇలా రెండు అర్థాలున్న మాటలు తెలుగులో చాలా ఉన్నాయి. వరి పండేది మడి. పూజకు కట్టుకునేదీ మడే. గేదె ఇచ్చేవి పాలు. పాలు అంటే వాటా కూడా.

రెండు అర్థాలు వచ్చేలా మాట్లాడటాన్ని శ్లేష అంటారు. 16వ శతాబ్దంలో పింగళి సూరన అనే కవి 'రాఘవపాండవీయము' రాశాడు. అందులో ఒకే పద్యాన్ని ఒక విధంగా చదివితే రామాయణం. ఇంకో విధంగా చదివితే భారతం. మన పెళ్లిళ్లలో వియ్యాలవారి మీద పాడే పాటల్లోనూ ఇలాంటి చమత్కారం ఉంటుంది. మాట అన్నవారూ, పడ్డవారూ కలిసి నవ్వుకుంటారు.

కానీ రెండర్థాల మాటలన్నీ ఇలాంటివి కావు. ఊడ్పుల దగ్గరో, బస్సులోనో, సంతలోనో ఒకడు ఆడమనిషి మీద మాట విసురుతాడు. పైకి పండ్ల బేరంలా ఉంటుంది. లోపల బూతు. ఆమె నిలదీస్తే, "నేనేమన్నాను? పండ్ల ధర అడిగాను. చెడు నీ మనసులోనే ఉంది" అంటాడు. తప్పు అతడిది. సిగ్గు మాత్రం ఆమెకు!

ఇద్దరూ నవ్వితే అది చమత్కారం. ఒకరు నవ్వి, ఒకరు తల వంచుకుంటే అది వేధింపు.

చట్టం ఏమంటుంది? భారతీయ న్యాయ సంహిత 2024 జూలై 1న అమల్లోకి వచ్చింది. అందులో 79వ సెక్షన్ ఉంది. స్త్రీ మర్యాదను కించపరచాలని మాట అన్నా, సైగ చేసినా నేరమే. 3 ఏళ్ల వరకు జైలు, జరిమానా పడవచ్చు. పనిచేసే చోట ఇలాంటి మాటలు 2013 నాటి చట్టం ప్రకారం లైంగిక వేధింపు. అక్కడ పనివారు 10 మంది కంటే తక్కువైతే, జిల్లాలోని స్థానిక కమిటీకి ఫిర్యాదు రాసివ్వాలి. 3 నెలల లోపు ఇవ్వాలి. సాయం కావాలంటే 181కి ఫోన్ చేయవచ్చు.

ఇక్కడే మన చదువు అక్కరకొస్తుంది. అతడు అన్న మాట అన్నట్టే రాయండి. ఏ రోజు అన్నాడు? ఎక్కడ అన్నాడు? ఎవరు విన్నారు? అన్నీ రాసిపెట్టండి. మాట గాలికి పోతుంది. రాత నిలబడుతుంది.

ఆలోచించండి:
1. మీకు తెలిసిన రెండర్థాల మాటలు మూడు రాయండి.
2. చమత్కారానికీ, వేధింపుకూ తేడా ఏమిటి? పక్కనున్న వారితో మాట్లాడండి.